సున్నా సైజు: 2015 మెక్లారెన్-హోండా నిజంగా ఎక్కడ దెబ్బతింది?

#1 వానరేస్

రాత్రి నిద్ర పట్టక 2015 సుజుకా (జపాన్) ఫార్ములా వన్ (ఎఫ్1) రేసు మళ్లీ పెట్టుకుని చూశాను. మెక్లారెన్ డ్రైవర్ అలోన్సో రేడియోలో "జీపీ2 ఇంజన్" (అంటే కింది స్థాయి రేసుల ఇంజన్) అని అరిచిన రేసు. ఆ ఇంజన్ చేసిచ్చిన హోండా సొంత ట్రాక్ మీద, సొంత జనం ముందు. ఆ సీజన్ అనగానే అందరికీ ఆ రెండు ముక్కలే గుర్తు. జోకులూ మీములూ అన్నీ అయిపోయాయి, ఇప్పుడు కాస్త తీరిగ్గా మాట్లాడుకుందామని ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నా.

నన్ను తొలిచేది ఒకటే. హోండాకి ఇంజన్ చేయడం రాక కాదు. 1988లో ఇదే మెక్లారెన్‌తో 16 రేసుల్లో 15 గెలిచారు. 2015లో డబ్బుకి కొదవ లేదు, డ్రైవర్లు ఇద్దరూ ప్రపంచ చాంపియన్లు. అయినా సీజనంతా కలిపి 27 పాయింట్లు. బటన్‌వి 16, అలోన్సోవి 11. పది జట్లలో తొమ్మిదో స్థానం. వెనక మిగిలింది మానర్ ఒక్కటే, వాళ్లు నడిపింది ఏడాది పాత ఫెరారీ ఇంజన్‌తో.

కాబట్టి "ఇంజన్ చెత్త" అనే మాట దగ్గర ఆగకుండా, అది అలా ఎందుకు తయారైందో తెలిసినవాళ్లు చెప్పండి. కారు మీద తీసుకున్న ఏ నిర్ణయం దాన్ని అక్కడికి చేర్చింది?

#2 స్లిక్_టైరు

ఇందులో ఇంత ఆలోచించడానికేముంది బ్రదర్? ఇంజన్ చెత్తే. మెల్‌బోర్న్‌లో మొదటి రేసు గుర్తుందిగా. అలోన్సో టెస్టింగ్ క్రాష్ తర్వాత రాలేదు, అతని బదులు వచ్చిన మాగ్నసెన్ కారు గ్రిడ్ (బయల్దేరే వరస) దాకా కూడా చేరకుండానే ఆగిపోయింది, బటన్ రెండు లాప్‌లు వెనకబడి 11వ స్థానంలో వచ్చాడు. 11వ స్థానం అంటే వినడానికి పర్లేదనిపిస్తుంది, కానీ ఆ రోజు రేసు పూర్తి చేసిందే 11 మంది.

#3 టర్బో_మావయ్య

నాది టర్బోల పని. రేసు కార్లవి కాదు లెండి, డీజిల్ ఇంజన్లవి. అయినా గాలికి ఆ తేడా తెలియదు కదా, కాబట్టి నాకు అర్థమైనంత చెప్తాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

2014 నుంచి ఎఫ్1లో 1.6 లీటర్ల వీ6 టర్బో. రెండు వరసల సిలిండర్ల మధ్య కోణం 90 డిగ్రీలని రూలే చెప్తుంది. సిలిండర్ బోర్ 80 మిల్లీమీటర్లు, అదీ రూలే. అంటే ఆ రెండు వరసల నడుమ లోయ ఎంత ఉంటుందన్నది దాదాపు ముందే తేలిపోయింది. ఎవరు చేసినా ఆ లోయ ఇంచుమించు అంతే.

ఇప్పుడు మెర్సిడెస్ ఏం చేసింది? ఎగ్జాస్ట్ వేడికి తిరిగే టర్బైన్‌ని ఇంజన్ వెనక పెట్టింది. గాలిని నొక్కే కంప్రెసర్‌ని ఇంజన్ ముందు పెట్టింది. రెండిటినీ కలుపుతూ లోయలోంచి ఒక పొడవాటి షాఫ్ట్, మధ్యలో ఎలక్ట్రిక్ మోటారు. కంప్రెసర్ లోయ బయట ఉంది కాబట్టి దాని సైజుకి ఆ గోడలు అడ్డం రావు. కావలసినంత పెద్దది పెట్టుకున్నారు.

హోండా కంప్రెసర్‌ని కూడా లోయలోకే దించింది. మోటారూ అక్కడే. బయటికి ఏమీ పొడుచుకు రాకూడదు, ఇంజన్ వెనకా ముందూ పొట్టిగా ఉండాలి, పైన కవరు శరీరానికి అతుక్కున్న చొక్కాలా ఉండాలి. దానికే వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు సైజ్ జీరో. కంప్రెసర్ లోయలో ఇరకాలంటే లోయ వెడల్పుని మించకూడదు. అసలు సమస్య అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

కంప్రెసర్ చక్రం గాలిని ఎంత ఒత్తిడికి తెస్తుందన్నది దాని రెక్కల అంచు వేగం మీద ఉంటుంది, అదీ ఆ వేగం వర్గం మీద. చక్రం వ్యాసం పది శాతం తగ్గించారనుకోండి. అదే అంచు వేగం రావాలంటే 11 శాతం ఎక్కువ తిప్పాలి. ఆ షాఫ్ట్ నిమిషానికి 1,25,000 చుట్లు దాటకూడదని అప్పటి రూలు. సరే, ఎలాగో తిప్పారే అనుకుందాం. గాలి దూరే నోరు ఏమవుతుంది? వ్యాసం పది శాతం తగ్గితే వైశాల్యం 19 శాతం పోతుంది.

ఇంకొకటి. ఇప్పుడు నా బల్ల మీద పాత చక్రం ఒకటి ఉంది. రెక్కలు చాకులా పల్చగా ఉంటాయి, వాటికీ చుట్టూ ఉన్న గోడకీ మధ్య సందులో విజిటింగ్ కార్డు దూర్చాలన్నా కష్టం. ఆ సందులోంచి కొంత గాలి వెనక్కి కారుతూనే ఉంటుంది. చక్రాన్ని చిన్నది చేసినంత సులువుగా ఆ సందుని చిన్నది చేయలేం, రెక్క గోడకి తగిలిందంటే అంతే సంగతులు. కాబట్టి చక్రం చిన్నదయ్యేకొద్దీ కారిపోయే వాటా పెరుగుతుంది. సామర్థ్యం పడిపోతుంది, గాలి ఎక్కువ వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిని చల్లబరచాలంటే పెద్ద ఇంటర్‌కూలర్ కావాలి. కారు సన్నగా ఉండాలని చిన్న కంప్రెసర్ పెడితే అది పెద్ద కూలర్ అడుగుతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే.

#4 కొత్తగా_చేరా

మావయ్యా సూపర్. కానీ ఒక డౌట్. బూస్ట్ (గాలి ఒత్తిడి) తక్కువైతే ఇంధనం కాస్త ఎక్కువ పోస్తే సరిపోదా? మా పాత బైకుకి అలాగే చేసేవాళ్లు.

#5 టర్బో_మావయ్య

కుదరదు బాబూ. 2015 నాటి ఇంజన్లలో ఇంధనానికే కొలత. గంటకి 100 కిలోల వేగానికి మించి పారకూడదు, రేసు మొత్తానికి 100 కిలోలే. అందరికీ అదే ఇంధనం. ఆ ఇంధనానికి ఎంత ఎక్కువ గాలి తోడు చేసి పల్చగా మండిస్తే అంత లాభం. ఇక్కడ గెలిచేది గాలిని బాగా నొక్కగలిగినవాడే. హోండా చేయి కట్టేసుకున్నది సరిగ్గా అక్కడే.

#6 కొత్తగా_చేరా

అయితే స్ట్రెయిట్ మధ్యలో కారు చచ్చుబడిపోయేది దీనివల్లేనా? ఆన్‌బోర్డ్ వీడియోల్లో చూస్తే మూల దాటాక బాగానే పోతుంది, తర్వాత ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు అయిపోతుంది. పక్కవాళ్లు ఇటోసారి అటోసారి దాటేసి పోతుంటారు.

#7 టర్బో_మావయ్య

భేష్, అసలు పాయింట్ పట్టుకున్నావు. అది బ్యాటరీ కథ.

అప్పట్లో ఇంజన్‌కి తోడు రెండు మోటార్లుండేవి. ఎంజీయూ-కే అనేది చక్రాలకి 120 కిలోవాట్లు, అంటే సుమారు 160 హార్స్‌పవర్ ఇచ్చేది. ఎంజీయూ-హెచ్ టర్బో షాఫ్ట్ మీద కూర్చుని, ఎగ్జాస్ట్‌లో మిగిలిన శక్తిని కరెంటుగా మార్చేది. బ్రేకులు వేసినప్పుడు మొదటి మోటారు బ్యాటరీకి పంపగలిగేది లాప్‌కి 2 మెగాజూళ్లు మాత్రమే, అప్పటి రూలు. బ్యాటరీ నుంచి తీసి వాడగలిగేది 4 మెగాజూళ్లు. ఇప్పుడు లెక్క వేయి: 120 కిలోవాట్ల చొప్పున 4 మెగాజూళ్లు 33 సెకన్లు వస్తాయి. 2 మెగాజూళ్లయితే 17 సెకన్లు కూడా రావు.

ఆ మిగతా సగం ఎక్కడి నుంచి రావాలి? రెండో మోటారు నుంచి. దాని మీద అప్పటి రూల్లో పరిమితి లేదు. అది పట్టినంత పట్టుకోవచ్చు, నేరుగా మొదటి మోటారుకే పంపేయొచ్చు కూడా. కానీ కంప్రెసర్ చేతకానిదైతే దాన్ని తిప్పడానికే టర్బైన్ శక్తంతా హరించుకుపోతుంది. మోటారుకి మిగిలేది అడుగూ బొడుగూ. అందుకే మెర్సిడెస్ కారు స్ట్రెయిట్ చివరి దాకా 160 గుర్రాలతో పోతుంటే, మెక్లారెన్‌కి సగం దారిలో ఆ గుర్రాలు దిగిపోయేవి. డ్రైవర్ పెడల్ నేలకి నొక్కి పట్టుకునే ఉంటాడు, చేయగలిగింది ఏమీ లేదు.

#8 స్లిక్_టైరు

సరే మావయ్యా, నేను చెప్పిందీ అదేగా, ఇంజన్ చెత్త అని. మీరు ఇరవై లైన్లలో చెప్పారు, నేను రెండు మాటల్లో చెప్పా 😄

#9 పిట్‌లేన్_పిల్ల

స్లిక్ గారూ, ఆ ఇంజన్ అంత చిన్నగా కావాలని అడిగిందెవరో మీ రెండు మాటల్లో లేదు కదా. సైజ్ జీరో మెక్లారెన్ కోరిక. హోండా సరే అంది.

వాళ్లకా కోరిక ఎందుకు పుట్టిందో కూడా అర్థం చేసుకోవచ్చు. 2014లో వెనక రెక్క కింద ఉండే బీమ్ వింగ్ తీసేశారు. దాంతో వెనకవైపు పట్టు కోసం డిఫ్యూజర్ (కారు అడుగున వెనక చివర గాలిని లాగే భాగం) మీద భారం పెరిగింది. డిఫ్యూజర్ బాగా లాగాలంటే దాని పైనుంచి పోయే గాలి శుభ్రంగా, వేగంగా ఉండాలి. అంటే వెనక చక్రాల మధ్య బాడీ ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. సోడా బుడ్డి మెడలాగా. పైగా 2014 చివర్లో ఏరో డిజైనర్ పీటర్ ప్రొడ్రోము రెడ్‌బుల్ నుంచి మెక్లారెన్‌కి వచ్చాడు. వెనకభాగాన్ని బిగించి కట్టడంలో రెడ్‌బుల్ వాళ్లకున్న పేరు తెలిసిందే.

మెర్సిడెస్ ఇంజన్‌నే 2014లో మెక్లారెన్ కూడా వాడింది. మొదటి రేసులో రెండు మూడు స్థానాలొచ్చాయి గానీ తర్వాత ఏడాదంతా గెలుపే లేదు. అదే ఇంజన్‌తో మెర్సిడెస్ సొంత జట్టు 19లో 16 గెలిచింది. వాళ్ల ఇంజన్ కొనుక్కుని వాళ్లనే ఓడించలేం, మనకంటూ వేరే దారి కావాలి అనేది అప్పట్లో మెక్లారెన్ పెద్ద రాన్ డెన్నిస్ నోట పదేపదే వినపడిన మాట. ఆ ఆలోచన తప్పని నేనననను. వేరే దారి కోసం మరీ ఇరుకు సందులో దూరారు, అంతే.

#10 మూడో_మలుపు

నేనొక కోణం కలుపుతా. తప్పు చేయడం వేరు, దిద్దుకునే వీలు లేకుండా తప్పు చేయడం వేరు.

అప్పట్లో టోకెన్ల పద్ధతి ఉండేది. ఇంజన్‌లో ఒక్కో భాగం మార్చడానికి ఇన్ని టోకెన్లని లెక్క. పాత ముగ్గురికీ 2015కి 32 చొప్పున ఇచ్చారు. సీజన్ మొదలయ్యేసరికి వాళ్ల దగ్గర మిగిలినవి రెనోకి 12, ఫెరారీకి 10, మెర్సిడెస్‌కి 7. ఆ మూడింటి సగటు తీసి, కింది అంకెకి దించి, హోండాకి 9 అన్నారు. అంటే ముగ్గురూ చలికాలంలో తలా కనీసం 20 టోకెన్లు ఖర్చుపెట్టి ఇంజన్లు మార్చుకుని వచ్చారు. హోండా మొట్టమొదటి ఇంజన్‌తో వచ్చి 9తో ఏడాదంతా సరిపెట్టుకోవాలి. కంప్రెసర్‌ని లోయలోంచి బయటికి తీయడమంటే ఇల్లు కూల్చి మళ్లీ కట్టడమే. 9 టోకెన్లతో అయ్యే పనేనా?

దానికి తోడు టెస్టింగ్. చలికాలంలో మొత్తం 12 రోజులు. జెరెజ్‌లో మొదటి నాలుగు రోజుల్లో మెక్లారెన్ తిరిగింది 79 లాప్‌లు. మెర్సిడెస్ 516. అంతకుముందు నవంబరులో అబుదాబీలో పాత కారుకి హోండా ఇంజన్ పెట్టి చూస్తే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని లాప్‌లతో సరి. మెర్సిడెస్ ఇంజన్ నాలుగు జట్ల కార్లలో తిరిగేది, ప్రతి ఆదివారం ఎనిమిది కార్ల సమాచారం. హోండాకి రెండు కార్లు, ఆ రెండూ సగం దారిలో ఆగిపోయేవి.

ఇక పెనాల్టీలు. ఒక్కో డ్రైవర్‌కి ఏడాదికి నాలుగు ఇంజన్లు, కొత్తవాళ్లని హోండాకి ఐదోదిచ్చారు. ఏం సరిపోతాయి? స్పా (బెల్జియం) రేసులో ఇద్దరికీ కలిపి 105 స్థానాల పెనాల్టీ. అలోన్సోకి 55, బటన్‌కి 50.

#11 కొత్తగా_చేరా

ఆగండాగండి. గ్రిడ్ మీద ఉన్నవే 20 కార్లు కదా. 55 స్థానాలు వెనక్కి అంటే పార్కింగ్ లోంచి మొదలెట్టాలా?

#12 మూడో_మలుపు

హహ, అంతే. చివరి రెండు స్థానాల్లోంచి మొదలెట్టారు. నిజానికి అది తెలివైన పనే. ఎలాగూ చివర్నే నిలబడతాం కాబట్టి ఒకే వారాంతంలో రెండేసి కొత్త ఇంజన్లు లెక్కలో వేయించుకుని స్టాకు పెంచుకున్నారు. చూసేవాళ్లకే నవ్వొచ్చింది.

#13 వానరేస్

స్పా సరే, నాకు ఆ ఏడాదంతటికీ ఒక్క దృశ్యం చాలు. హంగరీ, శనివారం క్వాలిఫైయింగ్. రెండో సెషన్‌లో అలోన్సో కారు ట్రాక్ మీదే ఆగిపోయింది. మనవాడు దిగి, హెల్మెట్ తీయకుండానే, కారు వెనక చేతులు ఆనించి తోయడం మొదలుపెట్టాడు. మంట పెట్టే ఎండ, పైగా ఎత్తు. మార్షల్స్ కూడా ఓ చెయ్యేశారు. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ స్కూటర్ ఆగిపోయినవాడిలా తోసుకుంటూ పిట్ లేన్ దాకా తెచ్చాడు. స్టాండ్స్‌లో జనం లేచి చప్పట్లు. తీరా అలా తెచ్చిన కారుని మళ్లీ ట్రాక్ మీదికి పంపడానికి రూలు ఒప్పుకోలేదు. 15వ స్థానం.

మర్నాడు అదే మనిషి ఐదో స్థానంలో వచ్చాడు. బటన్ తొమ్మిది. ఆ సీజన్‌లో ఇద్దరూ పాయింట్లు తెచ్చిన రేసు అదొక్కటే. పొడుగు స్ట్రెయిట్లు లేని ట్రాక్ కాబట్టి కారు బాగానే పోయింది. అంటే చాసీ (ఇంజన్ కాక మిగతా కారు) మంచిదనే కదా?

#14 స్లిక్_టైరు

అదే నేనూ అనేది! చాసీ బంగారం, ఇంజన్ ఇనుము. హంగరీయే రుజువు.

#15 పిట్‌లేన్_పిల్ల

ఆ రేసు పూర్తిగా చూశారా మీరిద్దరూ? హామిల్టన్ మొదటి లాప్‌లోనే బయటికి పోయి, తర్వాత రికార్డోని గుద్ది పెనాల్టీ తిని ఆరో స్థానం. రోస్‌బర్గ్ టైరు పగిలి ఎనిమిది. రైకోనెన్ కారు చెడి రిటైర్. సేఫ్టీ కారు వచ్చి అందర్నీ ఒక్కచోట చేర్చింది. ఐదో స్థానంలో అలోన్సో గొప్పతనం ఉంది, అదృష్టం ఉంది. చాసీ వాటా ఎంతో తేల్చడానికి ఆ రేసు పనికిరాదు.

నాకు నమ్మకమైన సాక్ష్యం 2018. మెక్లారెన్ హోండాని వదిలేసి రెనో ఇంజన్ తెచ్చుకుంది. మూడేళ్లుగా మా చాసీ గ్రిడ్‌లోనే గొప్పది, ఇంజనే శని అన్నారుగా. అదే రెనో ఇంజన్‌తో ఆ ఏడాది రెడ్‌బుల్ నాలుగు రేసులు గెలిచింది. మెక్లారెన్‌కి 62 పాయింట్లు, ఒక్క పోడియం (మొదటి మూడు స్థానాల్లో ఏదైనా) లేదు. స్ట్రెయిట్ మీద కారు ఇంకా నెమ్మదే. అంటే ఇన్నాళ్లూ ఆ నెమ్మదిలో కొంత వాళ్ల రెక్కల డ్రాగ్‌ది (గాలి వెనక్కి లాగడం) కూడా. హోండా వెనక దాక్కుంది కాబట్టి ఎవరికీ కనపడలేదు, వాళ్లకి కూడా!

ఇంజన్ బలహీనంగా ఉన్నప్పుడు మూలల్లో సంపాదించుకోవాలని రెక్కలు పెంచుతారు. రెక్కలు పెంచితే స్ట్రెయిట్ మీద ఇంకా పోతుంది. పోయిందంతా ఇంజన్ ఖాతాలో రాసేయొచ్చు. మూడేళ్లు అలా రాసుకుంటూ పోతే ఖాతా పుస్తకం మీద నమ్మకం ఉంటుందా చెప్పండి.

#16 స్లిక్_టైరు

...2018 సంగతి నేను మర్చిపోయా. సరే, సగం ఒప్పుకుంటున్నా. సగమే.

కానీ ఒక మాట. సన్నగా చేయడమే తప్పయితే మెర్సిడెస్ 2022లో అదే తప్పు ఎందుకు చేసింది? వాళ్లదీ జీరోయే, జీరోపాడ్.

#17 గాలి_సొరంగం

చాలా రోజులుగా చదువుతూ పోతున్నానే గానీ ఏమీ రాయలేదు. జీరోపాడ్ మాట రాగానే ఆగలేకపోయా. రెండిటినీ ఒకే గాటన కట్టకండి దయచేసి.

మెర్సిడెస్ 2022 కారు డబ్ల్యూ13కి సైడ్‌పాడ్లు (రెండు పక్కలా ఉబ్బుగా ఉండే భాగాలు) దాదాపు లేకపోవడం అందరికీ కనపడింది కాబట్టి అందరూ దాన్నే తిట్టారు. బార్సిలోనాలో మామూలు సైడ్‌పాడ్లతో వచ్చి, బహ్రెయిన్‌లో అవి మాయమై కనిపించేసరికి ముందు అందరూ నోళ్లు వెళ్లబెట్టారు, తర్వాత నవ్వారు. అసలు జబ్బు మాత్రం అడుగున ఉంది. 2022 రూల్స్‌తో కారు కింద సొరంగాలొచ్చాయి. కారు నేలకి ఎంత దగ్గరగా ఉంటే అంత పట్టు. మెర్సిడెస్ కారు బాగా కిందికి దించినప్పుడు లెక్క ప్రకారం అద్భుతం. కానీ వేగం పెరిగి కారు నేలకి అతుక్కోగానే కింద గాలి దారి మూసుకుపోయి పట్టు ఒక్కసారిగా పోతుంది, కారు పైకి లేస్తుంది, మళ్లీ గాలి దూరుతుంది, మళ్లీ కిందికి లాగుతుంది. సెకనుకి నాలుగైదుసార్లు. బాకూలో హామిల్టన్ కారు దిగలేక నడుం పట్టుకుని పడ్డ అవస్థ గుర్తుండే ఉంటుంది.

విండ్ టన్నెల్‌లో తెలియలేదా అని అడుగుతారు. అక్కడ వాడేది 60 శాతం సైజు నమూనా, గాలి వేగం సెకనుకి 50 మీటర్లు దాటకూడదు, అంటే 180 కిలోమీటర్లు. ఎగురుడు బయటపడేది అంతకంటే చాలా ఎక్కువ వేగంలో. పైగా నమూనాని ఒక ఉక్కు చేయి గట్టిగా పట్టుకుని ఉంటుంది, అది ఎగరమన్నా ఎగరదు.

చివరికి కారుని పైకి ఎత్తి నడపాల్సి వచ్చింది. పైకి ఎత్తితే ఆ డిజైన్‌లో ఉన్న గొప్పంతా పోయింది. ఎనిమిదేళ్లు వరసగా జట్ల టైటిల్ కొట్టిన జట్టుకి ఆ ఏడాది ఒకే ఒక్క గెలుపు, బ్రెజిల్‌లో రస్సెల్. హామిల్టన్‌కి తన కెరీర్‌లోనే గెలుపు లేని మొదటి సీజన్. 2023 మొనాకోలో మామూలు సైడ్‌పాడ్లు పెట్టారు. పెట్టగానే రెడ్‌బుల్‌ని అందుకున్నారా? లేదు. జీరోపాడే జబ్బయితే అప్పటికి నయమవ్వాలిగా.

#18 మూడో_మలుపు

పోలిక కావాలంటే మెర్సిడెస్ కాదు, 2014 ఫెరారీ ఎఫ్14 టీ చూడండి. మెక్లారెన్‌కి ఒక్క ఏడాది ముందు ఫెరారీ దాదాపు ఇదే తప్పు చేసింది. ఏరో వాళ్లు (కారు మీద గాలి పోకడ చూసేవాళ్లు) చిన్న ఇంజన్, చిన్న రేడియేటర్లు అడిగారు, ఇంజన్ వాళ్లు ఇచ్చారు. పవర్ తక్కువైనా ఏరోలో సంపాదించుకుంటామన్నది బేరం. ఏరోలో ఏమీ రాలేదు. 1993 తర్వాత ఫెరారీకి గెలుపు లేని మొదటి సీజన్ అదే. ఇంజన్ విభాగం పెద్ద లూకా మార్మోరిని ఉద్యోగం పోయాక ఇంటర్వ్యూలో ఈ సంగతి బయటపెట్టాడు. తర్వాతి చలికాలంలో ఫెరారీ 22 టోకెన్లు కుమ్మరించి ఇంజన్ బాగుచేసుకుంది, 2015లో వెటెల్ మూడు గెలిచాడు.

పక్కింట్లో కాలిన చేయి కళ్లముందే కనపడుతున్నా ఈ లోగా హోండా డిజైన్ ఖాయం అయిపోయింది. ఇంజన్ అనేది ఏడాది ముందే మొదలెట్టే పని. ఫెరారీ సీజన్ చూసి నేర్చుకునే టైమ్ లేదు.

#19 టర్బో_మావయ్య

మలుపు బాబు చెప్పిన ఫెరారీ సంగతి మంచి పాయింటు. దానికి నా సొంత గోడు ఒకటి కలుపుతా.

ఒకసారి ఒక కస్టమర్ జనరేటర్ సెట్ కోసం టర్బో మార్చమన్నాడు. చుట్టూ కట్టిన పెట్టె ముందే తయారైపోయింది, అందులో మేం చెప్పిన టర్బో పట్టదు. పెట్టె కొయ్యడానికి ఒప్పుకోలేదు, ఒక సైజు చిన్నది వేయమన్నాడు. వద్దని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. వేశా. లోడ్ పడగానే నల్ల పొగ, ఎగ్జాస్ట్ మండిపోతోంది. మూడు నెలలు దాని చుట్టూ తిరిగా. ఆఖరికి పెట్టె కోశారు. తిట్లు మాత్రం టర్బోకే పడ్డాయి, పెట్టెనెవరూ ఏమీ అనలేదు. అందుకే హోండా ఎఫ్1 విభాగం పెద్ద అరాయ్ గారిని మీడియా వాళ్లు ప్రెస్‌మీట్లలో నిలదీస్తుంటే నాకు పాపం అనిపించేది. 2016 మొదట్లో ఆయన్ని మార్చి హసెగావాని తెచ్చారు. 2016కి కంప్రెసర్ కాస్త పెంచి సర్దుకున్నారు, 76 పాయింట్లతో ఆరో స్థానానికి వచ్చారు కూడా.

2017లో టోకెన్లు రద్దయ్యాయి. అప్పుడు ధైర్యం చేసి మొత్తం మార్చారు. మెర్సిడెస్‌లాగే కంప్రెసర్ ముందుకి, టర్బైన్ వెనక్కి. కష్టాలు తీరాలిగా? కంప్రెసర్ ముందుకొస్తే అక్కడున్న ఆయిల్ ట్యాంకు ఎక్కడికి పోతుంది? దాన్ని వంకర టింకరగా చేసి సర్దారు. డైనో (ఇంజన్‌ని పరీక్షించే బల్ల) మీద ఇంజన్ కదలకుండా కూర్చుంటుంది కాబట్టి ఏ తేడా తెలియలేదు. కారులో పెట్టి మూల తిప్పేసరికి ఆయిల్ ఒక పక్కకి పోయింది. టెస్టింగ్ మొదటి రోజే ఆదిలో హంసపాదు. దాని మీద వైబ్రేషన్లు. మళ్లీ తొమ్మిదో స్థానం, 30 పాయింట్లు, సెప్టెంబరులో విడాకులు.

#20 కొత్తగా_చేరా

అయితే సరైన డిజైన్‌కి మారిన ఏడాదే వదిలేశారన్నమాట! అయ్యో.

#21 పిట్‌లేన్_పిల్ల

అవును, అదే నాకూ కడుపు మండేది. 2018లో హోండా, రెడ్‌బుల్ వాళ్ల రెండో జట్టు టోరో రోస్సోకి పోయింది. అక్కడ ఇంజన్‌ని కారుకి సరిపడా కుదించు అని ఎవరూ ఒత్తిడి పెట్టలేదు, వరసగా కొత్తవి వేసి పెనాల్టీలు పడ్డా కానివ్వమన్నారు. 2019లో రెడ్‌బుల్ తీసుకుంది. ఆస్ట్రియాలో వెర్‌స్టాపెన్ గెలిచి పోడియం మీద తన డ్రెస్సు మీదున్న హోండా బొమ్మని వేలితో చూపించాడు. పక్కనే హోండా తరఫున తనాబె గారు ట్రోఫీ పట్టుకుని నిలబడ్డారు.

#22 టర్బో_మావయ్య

అసలు తమాషా 2021ది అమ్మాయ్. వెర్‌స్టాపెన్ డ్రైవర్ల టైటిల్ కొట్టిన ఆ ఏడాది ఇంజన్ ఉందే, దానికి హోండా వాళ్లు సిలిండర్ల మధ్య దూరం తగ్గించారు, క్యామ్‌షాఫ్ట్‌లని కిందికి దించారు, వాల్వ్ కోణం మార్చారు. ఇంజన్ పొడవు తగ్గింది, ఎత్తు తగ్గింది. రెడ్‌బుల్ కారు వెనకభాగం ఇంకా బిగిసింది. 2015లో మెక్లారెన్ అడిగిందీ అదే.

#23 స్లిక్_టైరు

అంటే సైజ్ జీరో చివరికి పనిచేసింది, ఆరేళ్లు లేటుగా, వేరేవాడి కారులో. ఈసారి కంప్రెసర్ జోలికి పోకుండా.

#24 వానరేస్

సుజుకా రేసులో ఇంకా పన్నెండు లాప్‌లు మిగిలాయి, మావయ్య చెప్పింది చదివాక మళ్లీ ప్లే చేశా. ఇప్పుడు కారుని కాకుండా స్టాప్‌వాచ్ చూస్తున్నా. మూల దాటిన దగ్గర్నుంచి పక్క కారు దాటేసి పోయేదాకా ఎన్ని సెకన్లో లెక్కపెడుతున్నా. రేపు అంకెలు పెడతా, లెక్క తప్పితే మాత్రం తిట్టకండి.